చూ, చ, వి

కర్నూలు పాత ఊళ్లో, కొండారెడ్డి బురుజుకు కూతవేటు దూరంలో, అద్దె సైకిళ్ల దుకాణం ఒకటి ఉండేది. 1980 ప్రాంతం మాట. యజమానిని పిల్లాజెల్లా అందరం భాయ్ అనే పిలిచేవాళ్లం. దుకాణం ముందు గాలి పంపు, పంక్చర్లు చూసే నీళ్ల తొట్టి, వాటి వెనక గోడకు ఆనించిన నల్లబల్ల. అది బడి బల్ల కాదు, ఏదో పాత ధాన్యపు పెట్టె తలుపు. దాని ఎడమ మూల "గంటకు అర్ధరూపాయి. చీకటి పడితే ఇవ్వబడదు" అని తెల్లరంగుతో రాసి ఉండేది. ఆ మూల భాయ్ సొత్తు. మిగిలిన బల్లంతా ఒక విశ్రాంత గుమాస్తాగారిది.

ఆయనను వీధి వీధంతా తాత అనేది. కె.సి. కాలువ, అంటే కర్నూలు-కడప కాలువ, కచేరీలో ఉద్యోగం చేసి విరమించారు. తెల్లవారగానే వచ్చి, పక్క హోటల్లో పేపరు మొదటి పుట నుంచి చివరి పుట దాకా చదివి, ఉగ్గాని బజ్జీ తిని, చేతులు కడుక్కుని బల్ల దగ్గరికి వచ్చేవారు. భాయ్ ఆయన దగ్గర ఒక్క పైసా తీసుకునేవాడు కాదు, ఇచ్చేవాడూ కాదు. బల్ల చదవడానికి ఆగినవాడు ఎలాగూ టైరు నొక్కి చూసుకుంటాడు, గాలి తక్కువైందని గుర్తుకొస్తుంది. వ్యాపారం అలా సాగిపోయేది.

రోజూ నాలుగైదు సంగతులు. మొదటిది చరిత్ర, అంటే ఫలానా ఏడాది ఇదే తేదీన ఏం జరిగింది అన్నది. తరువాత ఏదైనా వింత విషయం. ఆపైన వీధికి పనికొచ్చేవి: కొళాయి నీళ్లు ఏ వేళకు వస్తాయి, చౌకధరల దుకాణానికి కిరోసిన్ వచ్చిందా, ఎవరి గొడుగు ఎవరి దగ్గర ఉండిపోయింది. చివరి వరుస హాస్యానికి. ఏమీ తోచని రోజున "నేడు హాస్యము లేదు" అని నిజాయితీగా రాసేవారు. దానికే అందరూ ఎక్కువగా నవ్వేవాళ్లు. జీవితమంతా సర్కారు కాగితాలు రాసిన చెయ్యి కదా, ఏది రాసినా "వలెను", "బడును" అనే ముగిసేది. "అద్దెకు సైకిలు తీసుకుని గంటలో వచ్చెదనన్న ఆసామీ నిన్నటి నుండి కనబడుటలేదు. సైకిలు మాత్రము కోడుమూరులో కనబడినది." ఇది ఒక నోటీసో, హాస్యమో ఇప్పటికీ నేను తేల్చుకోలేను.

అసలు విశేషం వరుస చివర ఉండేది. ప్రతి సంగతి పక్కనా చిన్న సున్నా చుట్టి అందులో ఒక అక్షరం వేసేవారు. "చూ" అంటే తాను చూసింది. "చ" అంటే చదివింది. "వి" అంటే విన్నది. ఈ మూడు గుర్తుల్లో ఏదో ఒకటి లేకుండా ఏ సంగతీ బల్ల ఎక్కేది కాదు. కొళాయి నీళ్లకు కూడా గుర్తు ఉండేది, సాధారణంగా అది "వి". మునిసిపాలిటీ వాళ్లు చెప్పినదాన్ని చూసినట్టుగా ఎలా రాస్తాం అనేవారు.

బల్ల తుడవడం ఒక పెద్ద తంతు. పంక్చర్ల తొట్టిలో గుడ్డ ముంచి, పిండి, పైనుంచి కిందికి ఒకే దిక్కుగా తుడిచేవారు. అడ్డంగా తుడిస్తే సుద్ద చారలు మిగులుతాయట. తరువాత అది ఆరేదాకా బల్ల ముందు చేతులు కట్టుకుని నిలబడేవారు. తడి ముందు అంచుల్లో ఆరి, నడుమ ఒక నల్లటి మడుగులా మిగిలి, చిన్నదై చిన్నదై మాయమయ్యేది. ఆ మడుగు పూర్తిగా పోయేదాకా సుద్దముక్క జేబులోంచి తీసేవారు కాదు. నెలకోసారి బొగ్గుపొడిలో ఆకు పసరు కలిపి పూసేవారు. ఆ రోజు బల్లకు సెలవు. జీవితమంతా ప్రతి కాగితానికీ మూడు నకళ్లు తీసిన మనిషి, బల్ల మీద రాసినదానికి మాత్రం ఒక్క నకలూ ఉంచుకోలేదు. నోటుబుక్కులో ఎక్కించుకోవచ్చు కదా తాతా అంటే, "రేపు పొద్దున తుడిచేదానికి నకలు ఎందుకు నాయనా?" అనేవారు.

బల్ల గురించి నాకున్న తొలి జ్ఞాపకం స్కైలాబ్. 1979 జులై. ఆకాశంలో తిరుగుతున్న అమెరికా వారి ప్రయోగశాల కూలిపోతోందని, అది సరాసరి మన నెత్తినే పడుతుందని ఊరంతా గగ్గోలు. ఉన్న కోళ్లూ మేకలూ కోసుకుని తినేసినవాళ్లు ఉన్నారు. ఎలాగూ పోతాం కదా, అప్పు మిగిలితే ఏమిటి అన్న ధైర్యంతో అంగళ్లలో ఖాతాలు పెంచుకున్నవాళ్లూ ఉన్నారు. బల్ల మీద వారం రోజులూ ఒకటే వాక్యం: "స్కైలాబ్ మన మీద పడునట." పక్కన పెద్ద సున్నాలో "వి". చివరికి అది హిందూ మహాసముద్రంలోనూ పడమటి ఆస్ట్రేలియాలోనూ ముక్కలై పడింది. మరుసటి ఉదయం: "స్కైలాబ్ ఆస్ట్రేలియాలో పడినది (చ). కావున కోళ్ల బాకీలు తీర్చవలెను (చూ)." ఆ "చూ" మీద వీధిలో పెద్ద చర్చ. ఎవరి బాకీ చూశారు తాతా అని నలుగురు అడిగారు. అడిగిన నలుగురూ బాకీదారులే అని భాయ్ మెల్లగా చెప్పాడు.

అక్టోబరు ఒకటో తేదీ వస్తే తాతకు పండుగ. ఆ రోజు బల్ల మీద వేరే సంగతికి చోటుండేది కాదు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి మా కర్నూలు రాజధాని అయింది. ప్రకాశం పంతులుగారు ముఖ్యమంత్రి, త్రివేది గవర్నరు, ప్రారంభానికి నెహ్రూ వచ్చారు. రాజధాని గాని హైకోర్టు గాని సీమకు రావాలన్నది 1937 నాటి శ్రీబాగ్ ఒప్పందంలోని మాట. అలా రాజధాని మాకు, హైకోర్టు గుంటూరుకు పంచుకున్నారు. ఇదంతా మా పాఠ్యపుస్తకంలోనూ ఉంది. తాత బల్ల మీద మాత్రం ఆ వాక్యాల పక్కన "చూ" ఉండేది. ఆ అక్షరాన్ని కొంచెం లావుగా దిద్దేవారని నా అనుమానం.

ఆయనకు అప్పుడు ఉద్యోగం కొత్త. రాజధాని అయితే అయింది గాని కచేరీలకు ఇళ్లేవి? గుడారాలు వేశారు. పెద్ద పెద్ద దొరలు గుడ్డ కప్పు కింద బల్లలు వేసుకుని కూర్చున్నారు. అద్దెలు ఆకాశానికి ఎక్కాయి. పశువుల కొట్టానికి సున్నం కొట్టి "గది" అని బోర్డు పెట్టినవాళ్లు ఉన్నారని తాత చెప్పేవారు (నేనైతే దీనికి "వి" వేస్తాను). ఒకరోజు ఈదురుగాలి వచ్చి గుడారం తాడు తెగిందట. ఫైళ్ల మీద పెట్టిన రాళ్లు దొర్లిపోయి కాగితాలన్నీ లేచాయి. తాతతో పాటు జవానూ, వాళ్లిద్దరి మీద అధికారీ ముగ్గురూ ఎండిన కందిచేనులోకి పరుగెత్తారు. ఒక కాగితం ముళ్లకంప మీద దొరికింది, ఒకటి ఎద్దు కాలి కింద దొరికింది. ఆ రెండోదాని మీద గిట్ట గుర్తు పడింది. దాన్ని తిరగరాయించాలా, అలాగే పంపాలా అని అధికారి చాలాసేపు ఆలోచించి, "ముద్ర ఉంది కదా, పోనీయండి" అన్నారట. 1956 నవంబరు 1న రాజధాని హైదరాబాదుకు తరలిపోయింది. తాత మాట ఏమిటంటే: "రాజధాని మూడేళ్లు ఉన్నది. కాగితాల వెంట పరుగు మాత్రము పింఛను దాకా ఉన్నది."

కె.సి. కాలువ గురించి ఎంత రాసినా ఆయనకు తనివి తీరేది కాదు. మద్రాసు ఇరిగేషన్ కంపెనీ అనే ఇంగ్లీషు వాళ్ల కంపెనీ 1863లో పని మొదలుపెట్టిందని, సుంకేసుల దగ్గర తుంగభద్రకు ఆనకట్ట కట్టి కడప దాకా నీళ్లు తీసుకుపోయిందని, సాగుతో పాటు సరుకు పడవలు నడిపి లాభాలు గడించాలన్నది వాళ్ల ఆశ అని, ఆ లాభాలు రాక చివరికి 1882లో ప్రభుత్వమే కాలువను కొనుక్కుందని విడతలుగా రాసేవారు. అన్నిటికన్నా నాకు నచ్చినది ఒక్క వరుసది: "పడవలు తేలినవి. కంపెనీ మునిగినది. (చ)". కాలువ చరిత్ర మీద తరువాత కొన్ని పుస్తకాలు తిరగేశాను గాని ఇంత కుదురుగా చెప్పినవాళ్లు కనబడలేదు.

ఇక ఎర్రగుడి రోజు. పత్తికొండ తాలూకాలో జొన్నగిరి దగ్గర ఎర్రగుడి కొండ మీద అశోకుడి శాసనాలున్నాయి. బండల మీద బ్రాహ్మీ లిపిలో చెక్కించినవి, 1929లో బయటపడ్డాయి. అక్కడి చిన్న శాసనంలో ఒక తమాషా ఉంది. కొన్ని వరుసలు ఎడమ నుంచి కుడికి, కొన్ని కుడి నుంచి ఎడమకు సాగుతాయి. ఎద్దులు చాలు దున్ని గట్టు దగ్గర మళ్లి తిరిగి వచ్చినట్టన్నమాట. అంత దూరం పోయి చూసి వచ్చిన తాతకు ఆ ఉత్సాహం బస్సు దిగినా దిగలేదు. మరునాడు ఉదయం బల్లంతా అశోకుడి పద్ధతిలోనే రాశారు. మొదటి వరుస మామూలుగా, రెండోది వెనక నుంచి ముందుకు, మూడోది మళ్లీ మామూలుగా. చరిత్ర వరకైతే ఎవరికీ ఇబ్బంది లేకపోయేది. ఖర్మ కాలి, కొళాయి సంగతి రెండు వరుసల్లో పడింది. "రేపు ఉదయము కొళాయి" అని పై వరుస. దాని కింద "వురా ళ్లునీ".

జనం గుమిగూడారు. షరాఫ్ బజారు నుంచి వచ్చిన ఒకాయన ఇది కన్నడమన్నాడు. కన్నడం వచ్చిన బళ్లారి ఆయన కాదన్నాడు. ఒక ముసలావిడ ఏదో మంత్రమనుకుని చేతులు జోడించి పోయింది. చాలామంది మొదటి వరుస చదివి, సరే రేపు ఉదయం కొళాయి వస్తుందన్నమాట అనుకుని నిశ్చింతగా వెళ్లిపోయారు. మరునాడు పొద్దున ఖాళీ బిందెలు చంకన పెట్టుకుని ఆడవాళ్లందరూ దుకాణం ముందు చేరారు. మా అమ్మ కూడా ఉంది. తాత ఎంతో వినయంగా, "అమ్మా, రావు అనే రాశాను. అటు నుంచి చదివితే..." అని మొదలుపెట్టారు. "ఎటు నుంచి చదివినా బిందె ఖాళీగానే ఉంది పెద్దాయనా" అంది ఒకావిడ. భాయ్ లోపలి నుంచి వచ్చి ఆజ్ఞ జారీ చేశాడు: రాజుగారి రాతలు రాజుగారి కొండ మీదే ఉండాలి, ఈ బల్ల మీద మాత్రం ఎడమ నుంచి కుడికే. దానిని తాత శిరసావహించారు. అయితే ఆ సాయంత్రం చివరి వరుసలో కొత్తగా ఒకటి చేరింది: "అశోకుని కాలమున కొళాయిలు లేవు. (చ)"

గుర్తుల దగ్గర తాతను ఇరకాటంలో పెట్టింది ఒక్క మనిషే. కోయిలకుంట్ల వైపు నుంచి వచ్చి కూరగాయలు అమ్మే అవ్వ. ఒక ఫిబ్రవరిలో, 1847లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని కోయిలకుంట్లలో ఉరితీసిన రోజు గురించి తాత రాసి "చ" వేశారు. అవ్వకు అక్షరాలు రావు, పక్కవాడు చదివి వినిపించాడు. "చదివినది ఏమిటి? మా పెద్దలు కళ్లతో చూసినది. మా ఇంట్లో ఇప్పటికీ పాట పాడతాం" అని గంప దించి అక్కడే రెండు చరణాలు పాడింది. తాత సుద్ద పట్టుకుని ఎటూ తేల్చుకోలేక నిలబడ్డారు. ఆమె చూడలేదు, చదవలేదు. "వి" అని వేద్దామంటే అది స్కైలాబ్ పక్కన కూర్చోబెట్టినట్టు అవుతుంది. చివరికి ఒకే సున్నాలో "చ, వి" రెండూ రాశారు. జోడు గుర్తు పడటం నేను చూసింది అదొక్కసారే. అవ్వ అది ఏమిటో తెలుసుకుని, తృప్తిపడి, రెండు వంకాయలు తాత చేతిలో పెట్టి పోయింది.

నా సంగతి ఒకటి బల్ల ఎక్కిన కథ కూడా చెప్పాలి. 1980 ఫిబ్రవరి 16న సూర్యగ్రహణం. సంపూర్ణ గ్రహణం దారి మాకు ఉత్తరంగా రాయచూరు వైపు నుంచి పోయింది. మా ఊళ్లో జనం తలుపులు మూసుకుని, నీళ్ల కుండల్లో దర్భలు వేసుకుని ఇళ్లలో కూర్చున్నారు. మధ్యాహ్నం వీధిలో కుక్క కూడా లేదట. దుకాణం ముందు వేపచెట్టు కింద తాత ఒక్కరే, సూర్యుడి వైపు తలెత్తకుండా నేల చూస్తూ కూర్చున్నారు. మరునాడు రాశారు: "గ్రహణ కాలమున చెట్టు కింద పడు ఎండ చుక్కలన్నియు నెలవంకలైనవి. (చూ)" ఆకుల సందులు సూదిబెజ్జాల్లా పనిచేసి సూర్యబింబాన్నే నేల మీద పరుస్తాయని, మామూలు రోజుల్లో ఆ చుక్కలు గుండ్రంగా ఉండేది కూడా సూర్యుడు గుండ్రంగా ఉండబట్టేనని అప్పుడు వివరించారు. ఇంట్లో కూర్చోబెట్టిన మా నాయనమ్మ మీద నాకు ఇప్పటికీ ఆ విషయంలో కోపమే.

ఆ వారంలోనే బడిలో సైన్సు సారు, 1868 ఆగస్టు 18న ఇలాంటి గ్రహణాన్నే చూడటానికి జాన్సెన్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు గుంటూరు వచ్చాడని, అప్పటి పరిశీలనల వల్లే హీలియం జాడ తెలిసిందని చెప్పారు. నేను ఒక్క పరుగున వచ్చి తాతకు చేరవేశాను. రాశారు గాని "వి" వేశారు. సారు చెప్పారు తాతా, సారుకు అన్నీ తెలుసు అన్నాను. "సారు చదివి ఉంటారు. నువ్వు విన్నావు. నీ దగ్గర నేను విన్నాను. దీనికి రెండు 'వి'లు వేయాలి, పోనీలే అని ఒకటి వేశాను" అన్నారు. రోషం వచ్చి గ్రంథాలయానికి పోయాను. అక్కడి ఉద్యోగిని విసిగిస్తే ఒక లావుపాటి విజ్ఞాన కోశం తీసి ఇచ్చారు. అందులో నేను వినని ముక్క కూడా ఒకటి దొరికింది. సూర్యుడిలో ముందు కనబడిన ఆ హీలియం భూమి మీద దొరికేసరికి 1895 వచ్చిందట. పుట సంఖ్య అరచేతి మీద రాసుకుని వచ్చాను. తాత నా అరచేయి పట్టుకుని ఆ అంకె రెండుసార్లు చూసి, వేలితో "వి" చెరిపి "చ" రాశారు. పరీక్షల్లో వచ్చిన మార్కులు చాలావరకు మరిచిపోయాను. ఇది మరిచిపోలేదు.

"వి" నుంచి ఎన్నటికీ పైకి రాని సంగతులు కూడా ఉన్నాయి. కొండారెడ్డి బురుజు కింద నుంచి తుంగభద్ర అడుగుగా గద్వాల దాకా సొరంగం ఉందన్నది వాటిలో పెద్దది. కర్నూలులో పుట్టిన ప్రతి పిల్లవాడికీ ఆ సొరంగంలో సగం దూరం పోయి వచ్చిన మేనమామ ఒకడు ఉంటాడు. తొలకరి పడగానే జొన్నగిరి, తుగ్గలి చేలల్లో వజ్రాలు దొరుకుతాయన్నది అలా కొట్టిపారేసేది కాదు, నిజంగానే దొరుకుతాయి. వాన కడిగిన ఎర్రమట్టిలో జనం వంగి వెతకడం ఇప్పటికీ ఏటా జరిగేదే. కాకపోతే ఎవరికి దొరికింది, ఎంతకు అమ్మారు అన్నది ఎప్పుడూ "వి"యే. భాయ్ దగ్గర పని చేసే కుర్రవాడు తొలి వాన పడిన మర్నాడే మాయమయ్యేవాడు. "కుర్రవాడు వజ్రములకు పోయినందున పంక్చర్లు సాయంత్రము వేయబడును" అని బల్ల మీద పడేది. వాడు తిరిగొచ్చాక వాడి జేబులో రంగురాళ్లన్నీ తొట్టి గట్టు మీద పరిచి ఒక్కొక్కటీ ఎండకు పట్టి చూసేవాళ్లం.

నేను డిగ్రీకి ఊరు విడిచాను. ఒక సెలవులకు వచ్చేసరికి బల్ల మీద ఎడమ మూల అద్దె మాత్రమే ఉంది. మిగతాదంతా ఖాళీ. తాత పోయిన సంగతి ఇంట్లో చెప్పడం మరిచిపోయారట. భాయ్ ఆ ఖాళీని వాడుకోలేదు, ఇంకెవరినీ రాయనివ్వనూ లేదు. తరువాత మోపెడ్లు వచ్చాయి, అద్దె సైకిళ్లు తీసుకునేవాళ్లు తగ్గారు, దుకాణం చేతులు మారింది. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ రెండూ కలిసి ఊరి మీద పడినప్పుడు ఆ వీధి కూడా మునిగింది. నీళ్లు తీశాక వెళ్లి చూశాను. గోడల మీద బురద గీత నా తల కన్నా పైన ఉంది. బల్ల ఎప్పుడు పోయిందో, వరదకు ముందో తరువాతో, చెప్పగలిగినవాళ్లు ఎవరూ దొరకలేదు.

ఇప్పుడు మా బంధువులందరికీ ఫోనులో ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. పొద్దున లేస్తే అందులో చరిత్ర, వింతలు, వైద్యం, హాస్యం, పప్పుల ధర అన్నీ వచ్చి పడతాయి. తాత బల్ల సరుకే, కాకపోతే సున్నాలు ఉండవు. మొన్న మా చిన్నాన్న, ఆయనా ఆ వీధిలో పెరిగినవాడే, బంగారం గురించి ఒక పెద్ద వార్త పంపాడు. జొన్నగిరిలో తవ్వుతున్నారని, ఇక జిల్లాలో ఇంటింటికీ వాటా పంచుతారని. తవ్వకం మాట నిజమే. వాటా మాటకు నేను ఒక్క అక్షరం జవాబు రాశాను: "వి". పిల్లలు ఇదేమిటని ప్రశ్నార్థకాలు పెట్టారు. చిన్నాన్న మాత్రం కాసేపటికి రాశాడు: "సరేలే. బోరు మోటారు కాలిపోయింది, ఎవరైనా మంచి మెకానిక్ ఉంటే చెప్పండి. మోటారు కాలింది చూ."